తోడుగా నిలవండి, నిర్ణయం వాళ్లకే వదలండి

ప్రశ్న: నేను అమెరికా పౌరురాలిని. కాగితాలు లేని కుటుంబాలకు ఇమిగ్రేషన్ కోర్టు పనుల్లో సాయపడుతున్నాను. నాకున్న భద్రత వాళ్లకు లేదు. వాళ్ల తరఫున మాట్లాడే అర్హత నాకుందా?

జవాబు: ఉందమ్మా. ఆ సంకోచం మంచిదే, దాన్ని పనిలోకి మళ్లించండి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు మన భారతీయులకు పౌరసత్వం పొందే అర్హత లేదంది. 1946 చట్టం ఆ దారి తెరిచింది. మీ పాస్‌పోర్టు వెనక ఎందరి పోరాటమో ఉంది.

ఇమిగ్రేషన్ కోర్టులో సాధారణంగా ప్రభుత్వం లాయర్‌ను పెట్టదు, పసిపిల్లలకైనా సరే. ఇల్లు మారితే ఐదు రోజుల్లో కోర్టుకు తెలపాలి. నోటీసు పాత చిరునామాకు వెళ్లి విచారణ తప్పిందా, వాళ్ల పరోక్షంలోనే బహిష్కరణ ఉత్తర్వు రావచ్చు. కాబట్టి గడువులు గుర్తుచేయండి, వాయిదాకు మీ కారులో తీసుకెళ్లండి. న్యాయ సలహా మాత్రం లాయర్లకో, ప్రభుత్వ గుర్తింపున్న ప్రతినిధులకో వదిలేయండి.

వాళ్ల కథ, ఫోటో అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. బయటపడితే నష్టపోయేది వాళ్లే. వాళ్లతో సమావేశం పెడితే వాళ్ల డ్యూటీ అయ్యాకే పెట్టండి. ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. నిర్భయంగా వినతిపత్రాలపై సంతకం చేసే, ఓటు వేసే హక్కు మీకుంది. చట్టసభ సభ్యులను నిలదీసే పని మీరు తీసుకోండి.