ఎంత పెద్దవారైతే అంత వంగాలి

పావగడ శనిమహాత్మ గుడిలో చేతులు జోడిస్తాం, ప్రదక్షిణ చేస్తాం, సాష్టాంగపడతాం. మసీదులో వరుసగా నిలబడి నేలకు నుదురు ఆనిస్తారు. ప్రార్థన నోటితోనే కాక ఒంటితోనూ చేసేది. దీనిపై ప్రాచీన యూదులు పెట్టుకొన్న నియమాలు విద్యార్థులు తెలుసుకోదగినవి. యూదు ప్రార్థన తెలుగువారికి పూర్తిగా కొత్త కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిము వారికి 1991 నుంచి సినగాగు, అంటే ప్రార్థనామందిరం, ఉంది.

బైబిలు పాత నిబంధనలో సొలొమోను రాజు మోకరించి, చేతులు ఆకాశం వైపు చాపి ప్రార్థించాడు. దానియేలు రోజుకు మూడుసార్లు యెరూషలేము దిక్కుగా మోకరించాడు. ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథం విప్పగానే జనమంతా లేచి నిలబడ్డారు. తర్వాత చేతులెత్తి "ఆమేన్" అని, నేలకు తల వంచారు.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేశారు. బలులు ఆగిపోయాయి. సామూహిక ప్రార్థనకే ప్రాధాన్యం పెరిగింది. అందులో ముఖ్యమైన దాని పేరు "అమీదా". ఆ మాటకు అర్థం "నిలబడటం". యెరూషలేము వైపు తిరిగి, పాదాలు జతచేసి నిలబడాలి. మొదటి స్తుతికి, కృతజ్ఞతాస్తుతికి మాత్రం ఆదిలోనూ అంతంలోనూ వంగాలి. ప్రతి స్తుతికీ వంగబోయేవాడికి అలా చేయవద్దని నేర్పాలని తల్ముదు గ్రంథం చెబుతుంది. అతిభక్తి ప్రదర్శన తగదని వ్యాఖ్యాతలు వివరించారు.

అయితే పెద్దలకు నియమం వేరు. ప్రధాన యాజకుడు ప్రతి స్తుతికీ వంగాలి. రాజు ఒకసారి మోకరిస్తే ప్రార్థన ముగిసేదాకా లేవకూడదు. పదవి పెరిగినకొద్దీ వంగడమూ పెరగాలన్నమాట.

ఇంకొక నియమం: ఈ ప్రార్థనను మెల్లగా, పెదవులు కదిలేటట్లు చెప్పుకోవాలి. దీనికి హన్నా ప్రార్థన ఆదర్శం. తప్పు ఒప్పుకొనేవాడు పక్కవారి ముందు సిగ్గుపడకూడదనేది తల్ముదు చెప్పే కారణం.

విద్యార్థులారా! స్కాలర్‌షిప్పుతో చదివి మీరు రేపు ఉద్యోగస్థులవుతారు. చదువురాని తల్లిదండ్రుల ముందు, అర్జీ పట్టుకొని వచ్చిన పేదవాడి ముందు మీ తల ఎలా ఉంటుందో అదే మీ చదువుకు పరీక్ష. తల్లిదండ్రులారా! సహాయం పొందిన పిల్లవాడిని నలుగురిలో చిన్నబుచ్చకండి.

ఆలోచించండి:
1. రాజుకు సామాన్యుడి కంటే కఠిన నియమం ఎందుకు?
2. మెల్లగా ప్రార్థించడం వల్ల ఎవరి గౌరవం నిలిచింది?