నిద్రమాత్ర మెదడులో ఏం చేస్తుంది?

"మాత్ర వేసుకుంటే హాయిగా నిద్ర పడుతోంది. రోజూ వాడుకోవచ్చా?" అని చాలామంది అడుగుతుంటారు. దీనికి జవాబు తెలియాలంటే ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి.

సంకేతాలు ఎలా నడుస్తాయి?

మన మెదడులో కోట్లాది నాడీకణాలున్నాయి. ఒక కణానికీ మరో కణానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. కొన్ని రసాయనాలు ఆ ఖాళీని దాటి కబురు చేరవేస్తాయి. వాటిలో కొన్ని "కానివ్వు" అంటాయి, కొన్ని "ఆగు" అంటాయి. ఆపేవాటిలో ముఖ్యమైనది గాబా. అది కణం మీద చేరగానే ఒక చిన్న ద్వారం తెరుచుకుంటుంది. దానిగుండా ఋణావేశం గల క్లోరైడ్ లోపలికి వెళ్తుంది. దాంతో కణం శాంతిస్తుంది.

మాత్ర చేసే పని

డయజిపామ్, ఆల్ప్రాజోలామ్, లోరాజిపామ్ వంటి మందులు ఆ ద్వారాన్ని తామే తెరవవు. గాబా వచ్చినప్పుడు అది మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. అందుకే భయం తగ్గుతుంది, కండరాలు వదులవుతాయి, నిద్ర వస్తుంది. ఫిట్స్ ఆపడానికి కూడా డాక్టర్లు వీటిని ఇస్తారు.

అలవాటైతే?

కొన్ని వారాలు వరుసగా వాడితే మెదడు సర్దుకుంటుంది. పాత మోతాదు చాలదు. అప్పుడు హఠాత్తుగా మానేస్తే బ్రేకు తీసేసిన బండిలా మెదడు అదుపు తప్పుతుంది. వణుకు, చెమటలు, నిద్రలేమి, మతిభ్రమణం, ఫిట్స్ రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది కూడా ఇలాంటి మందులనే. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ కల్లు దొరక్క ఎంతోమంది ఇలాంటి లక్షణాలతోనే ఆసుపత్రుల పాలయ్యారు. అది పిచ్చి కాదు, దయ్యం కాదు. చికిత్స ఉన్న జబ్బు.

గుర్తుంచుకోండి

1. డాక్టరు చీటీ లేకుండా వీటిని కొనవద్దు, ఇతరుల మాత్రలు వాడవద్దు.
2. మద్యం, కల్లుతో కలిపి ఎన్నడూ తీసుకోవద్దు. మద్యం కూడా గాబా బలాన్ని పెంచుతుంది. రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.
3. వాడుతున్నవారు సొంతంగా ఆపవద్దు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.
4. పెద్దవారు రాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదముంది. తోడు ఉండండి.
5. మాత్ర వేసుకుని బండి నడపవద్దు.
6. మనిషి లేపినా లేవకపోయినా, ఊపిరి మందగించినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మాత్రల అట్ట వెంట తీసుకురండి.

నిద్ర పట్టకపోవడానికి నొప్పి, దిగులు, ఆయాసం వంటి కారణాలుండవచ్చు. మాత్ర అడిగే ముందు ఆ కారణాన్ని డాక్టరుకు చెప్పండి.