వ్యసన విముక్తిలో సూదివైద్యం: ఒక పరిశీలన

మద్యపాన సమస్య మన ప్రాంతానికి కొత్తది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామ స్త్రీలు సారాపై ఆరంభించిన ఉద్యమం పొరుగున గల మన చిత్తూరు జిల్లాకూ వ్యాపించింది. దాని ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. అంగడి తలుపు మూయడం శాసనానికి సాధ్యమే గాని, తాగేవాని దేహంలో వేరూనిన కోరికను తొలగించడం దానికి సాధ్యం కాదు. ఆ పని వైద్యునిది, కుటుంబానిది, సమాజానిది. ఈ కార్యంలో ఆక్యుపంక్చర్ అనే చైనా సూదివైద్యం ఎంతవరకు తోడ్పడగలదో పరిశీలిద్దాం.

చైనా సంప్రదాయ వైద్యం ప్రకారం 'ఛీ' అనే ప్రాణశక్తి దేహంలో కొన్ని మార్గాల వెంట ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం కుంటుపడితే రోగం కలుగుతుందని, నిర్ణీత స్థానాల్లో సన్నని సూదులు గుచ్చితే సమస్థితి తిరిగి ఏర్పడుతుందని వారి విశ్వాసం. యూనానీలోని నాలుగు ఖిల్తుల సమతౌల్యాన్ని, ఆయుర్వేదంలోని త్రిదోషాలను ఎరిగిన మనకు ఈ భావన వింతగా తోచదు. 1938లో చైనాకు సేవకై వెళ్ళిన ఐదుగురు భారతీయ వైద్యులలో డాక్టర్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయన సహచరుడు డాక్టర్ బి.కె. బసు తరువాతి కాలంలో ఈ విద్యను నేర్చి మన దేశంలో ప్రచారం చేశారు.

వ్యసనానికి ఈ చికిత్స ముడిపడడం యాదృచ్ఛికం. 1972లో హాంకాంగులో డాక్టర్ వెన్ అనే శస్త్రవైద్యుడు నొప్పి నివారణకై ఒక రోగికి విద్యుత్తుతో కూడిన సూదులు గుచ్చగా, ఆ రోగికి గల నల్లమందు వ్యసనపు బాధలు కూడా ఉపశమించాయి. అనంతరం న్యూయార్కు నగరంలోని లింకన్ ఆసుపత్రిలో చెవి మీద ఐదు స్థానాల్లో సూదులు గుచ్చే పద్ధతి రూపొందింది. రోగులు పలువురు ఒకేచోట అరగంటకు పైగా నిశ్శబ్దంగా కూర్చోవడం దాని ప్రత్యేకత.

అయితే విశ్వాసం వేరు, నిరూపణ వేరు. 2002లో ప్రచురితమైన రెండు పెద్ద పరిశోధనలను ఇక్కడ స్మరించాలి. ఒకటి కొకైన్ వ్యసనపరులు 620 మందిపై, మరొకటి మద్య వ్యసనపరులు 503 మందిపై జరిగాయి. నిర్ణీత స్థానాల్లో గుచ్చిన సూదులు, పోలిక కోసం ఇచ్చిన ఇతర చికిత్సలకంటె మెరుగైన ఫలితమిచ్చినట్లు అవి చూపలేదు. కాబట్టి సూది ఒక్కటే వ్యసనాన్ని మాన్పుతుందని చెప్పడం సత్యం కాదు. కాని ఒక చోటికి క్రమంగా రావడం, ప్రశాంతంగా కూర్చోవడం, తనవంటి వారి నడుమ తలవంచుకోకుండా మెలగడం కొందరికి ఊరట కలిగించవచ్చు. ఊతకర్ర నడిచేవానికి సాయం చేస్తుంది. అతని బదులు అది నడవదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చాలాకాలం అధికంగా తాగినవారు ఒక్కసారిగా మానితే చేతుల వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగే ప్రమాదం ఉంది. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. అట్టివారిని సూదివైద్యుని వద్దనే ఉంచి కాలహరణం చేయరాదు. తిరుపతిలోని రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రికి మొదట తీసుకొనిపోవాలి. వైద్యుడు అనుమతించిన పిదప సూదివైద్యాన్ని తోడుగా స్వీకరించవచ్చు. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడకుండా చూసుకోవాలి. సలహాకై 14446 అనే జాతీయ సహాయ ఫోను సంఖ్య కూడా కలదు.

ఖురాన్‌లో మద్యనిషేధం ఒక్కమారుగా గాక క్రమక్రమంగా అవతరించిందని మన పెద్దలు బోధిస్తారు. మానవుని బలహీనతను ఎరిగిన కరుణ అందులో ఉంది. వ్యసనపరుని ఇంటిలోను, వీధిలోను చీదరించుకోకుండా చికిత్సకు చేర్చడం ఆ కరుణకు ఆచరణరూపం. విద్యావంతులమైన మనపై ఆ బాధ్యత మరింత అధికంగా ఉన్నది.