కాయిల్ వైండింగ్ మిషన్: కొనాలా, కట్టుకోవాలా?

యాసంగి నాట్లు పడ్డాయంటే జమ్మికుంట చుట్టుపక్కల మోటార్ వైండింగ్ దుకాణాలకు ఊపిరి సలపదు. లో వోల్టేజీకో, ఒక ఫేజు పోయో కాలిన మోటార్లు వరసగా వచ్చి గడప ముందు దిగుతుంటాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, ఈ పనిలో చెయ్యి తిరిగిన కుర్రాడికి గిటార్ మీద ఇష్టం కూడా ఉంటే, పికప్ కాయిల్‌ను సొంతంగా చుట్టుకోవచ్చా అనే ఆలోచన రావడం సహజం. తప్పకుండా చుట్టుకోవచ్చు. అయితే గిటార్ ఒక్కదాన్నే దృష్టిలో పెట్టుకుని మిషన్ కొనకండి. స్టార్టర్ కాయిల్‌తో ఇవాళ అన్నం పెట్టి, రేపు పికప్ కూడా చుట్టగలిగే మిషన్‌ను ఎంచుకోండి.

పికప్‌లో ఉన్నదేమిటి?

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగి తీగ ఉంటాయి. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి కాయిల్‌లో చిన్న వోల్టేజీ పుడుతుంది. దాన్నే ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. 1931 ప్రాంతంలో అమెరికాలో జార్జ్ బోషాంప్ ఇలాంటి పికప్‌ను తయారు చేశాడు. తొలి కాయిల్‌ను ఇంట్లో ఉన్న మోటారుతోనే చుట్టాడంటారు. అది కుట్టు మిషన్ మోటారని కొందరు, వాషింగ్ మెషీన్ మోటారని కొందరు చెప్పారు. మొత్తానికి ఈ పని పుట్టింది పెద్ద ఫ్యాక్టరీలో కాదు.

ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌కు సుమారు 8,000 చుట్లు కావాలి. తీగ మందం 0.063 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో అది 42 గేజ్. మన దుకాణాల్లో నడిచే ఎస్‌డబ్ల్యూజీ లెక్కలో 46 నంబరు దానికి దగ్గర. ఒక్క పికప్‌లోకి కిలోమీటరుకు పైగా తీగ పోతుంది, బరువు మాత్రం 30 గ్రాముల చిల్లరే. సీలింగ్ ఫ్యాన్‌కు వాడే 36 నంబరు తీగ దీనికి మూడింతల మందం. కాబట్టి ఫ్యాన్ చుట్టే చేతికి కూడా ఇది కొత్త పనే.

ముందు మీ పనిని లెక్కేసుకోండి

బోరు మోటార్లు మాత్రమే చేసే దుకాణానికి కాయిల్ మిషన్ పెద్దగా అక్కరకు రాదు. నీళ్లు నిండి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారులో ప్లాస్టిక్ పూత తీగను స్లాట్లలోంచి చేత్తోనే లాగాలి. బావి మీది మోనోబ్లాక్ మోటారుకు, ఫ్యాన్‌కు, మిక్సీకి మిషన్ కావాలి. వీటన్నిటికంటే పికప్‌కు దగ్గరి చుట్టం స్టార్టర్‌లోని నో వోల్ట్ కాయిల్. అదీ బాబిన్ మీద సన్న తీగను వేల చుట్లు చుట్టే పనే. పొలం దగ్గరి స్టార్టర్ డబ్బాల్లో అది తరచూ కాలుతుంది. చుట్లు తగ్గితే కరెంటు ఎక్కువ లాగి మళ్లీ కాలుతుంది. చుట్లు పెరిగితే లాగుడు బలం తగ్గి కాంటాక్టులు గరగరమంటాయి. లెక్క తప్పకూడదన్న క్రమశిక్షణ ఇక్కడ అలవాటైతే పికప్‌కు అదే పనికొస్తుంది.

కొనేటట్లయితే

మొదటి మిషన్ కొనడమే మేలు. చేత్తో తిప్పే, పళ్ల చక్రాలతో 1:8 నిష్పత్తి ఉండే చిన్న మిషన్ చాలు. హ్యాండిల్ ఒకసారి తిప్పితే కదురు (స్పిండిల్) ఎనిమిది చుట్లు తిరుగుతుంది. 8,000 చుట్ల పికప్‌కు వెయ్యిసార్లు తిప్పాలి. సెకనుకు ఒకసారి తిప్పినా 17 నిమిషాల పని. జమ్మికుంటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే రాణిగంజ్‌లో ఇలాంటి సరుకు వెతకొచ్చు. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది.

దుకాణంలో నిలబడి మూడు పరీక్షలు చేయండి. హ్యాండిల్‌ను వందసార్లు తిప్పండి, కౌంటర్ సరిగ్గా 800 చూపాలి. ఒక్కటి తేడా వచ్చినా వద్దనండి. కదురు చివర వేలు ఆనించి తిప్పి చూడండి, ఊగిసలాట ఉండకూడదు. వెనక్కి తిప్పినప్పుడు లెక్క తగ్గుతుందో లేదో గమనించండి. చుట్టు జారినప్పుడు వెనక్కి తిప్పక తప్పదు. అప్పుడూ లెక్క పెరుగుతూ పోతే ఆ కౌంటర్‌ను నమ్మలేం.

కట్టుకునేటట్లయితే

చేతి మిషన్‌కు ఒక ఇబ్బంది ఉంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీదే ఉంటుంది, తీగను నడిపించడానికి మిగిలేది ఒక్క చెయ్యే. అందుకే పికప్ పని పెరిగితే రెండో మిషన్ సొంతంగా కట్టుకోండి. దర్జీలు వాడే కుట్టు మిషన్ మోటారు, దాని కాలి పెడల్ దీనికి చక్కగా సరిపోతాయి. పెడల్‌తో వేగం కాలి కిందికి వస్తుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఆ మోటారు వేగం చాలా ఎక్కువ కనుక కదురుకు పెద్ద పుల్లీ వేసి బెల్టుతో తగ్గించండి. నిమిషానికి 500 చుట్లతో మొదలుపెట్టండి, చేయి కుదిరాక 800కు పోవచ్చు. అప్పటికి పికప్ పది నిమిషాల పని.

లెక్కకు కదురు మీద చిన్న అయస్కాంతం, పక్కన రీడ్ స్విచ్ పెట్టి, దాని రెండు తీగలు మామూలు క్యాలిక్యులేటర్ 'ఈజ్ ఈక్వల్ టు' (=) మీటకు కలపొచ్చు. ఒకటికి ఒకటి కలిపి ఆ మీట నొక్కుతూ పోతే లెక్క పెరుగుతుంటుంది. అయితే వేగం పెరిగితే క్యాలిక్యులేటర్ కొన్ని చుట్లను వదిలేస్తుంది. అందువల్ల హాల్ సెన్సర్, డిజిటల్ కౌంటర్ వేసుకోవడం మంచిది.

తీగ బాబిన్ అంచు దాటి పడకుండా అడ్డంగా ఒక కడ్డీ పెట్టి, దాని మీద రెండు రింగులు బిగించండి. వేళ్లు ఆ రెండింటి మధ్యే తిరగాలి. తీగ రీలును నేల మీద నిలువుగా పెట్టి, తీగను పైనుంచి లాగండి. రీలు తిరగకూడదు, తిరిగితే దాని బరువుకే తీగ తెగుతుంది. మధ్యలో రెండు ఉన్ని ఫెల్ట్ ముక్కల నడుమ నుంచి తీగ పోతే బిగువు సమంగా ఉంటుంది.

బిగువే ఈ పనిలో అసలు విద్య. పికప్ బాబిన్ గుండ్రంగా ఉండదు, పొడవుగా, సన్నగా ఉంటుంది. అది ఒక చుట్టు తిరిగేలోపు తీగ రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా పోతుంది. ఆ గుంజుడును బొటనవేలూ చూపుడువేలూ ఎప్పటికప్పుడు సర్దుకోవాలి. బిగువు ఎక్కువైతే తీగ సాగి సన్నబడుతుంది, తక్కువైతే కాయిల్ వదులై ఉబ్బుతుంది. పత్తి సీజన్‌లో గాలిలో ఎగిరే దూది పోగులు ఫెల్ట్‌లో ఇరుక్కుంటాయి. పని లేనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి.

మోటారు 230 వోల్టులది కాబట్టి ఎర్త్ తప్పనిసరి. మెడలో కండువా, వదులు చొక్కా చేతులు కదురు దగ్గరికి రానీయకండి.

తీగ అడిగి కొనండి

మోటార్ వైండింగ్ తీగ మీది పూత వేడికి ఓర్చుకునేలా చేసింది, సోల్డరింగ్ వేడికి కరగదు. గీకి పూత తీయాలంటే 0.06 మిల్లీమీటర్ల తీగ తెగుతుంది. కాబట్టి సోల్డర్ వేడికే పూత పోయే పాలీయురేథేన్ ఎనామెల్ తీగ కావాలని గట్టిగా అడగండి. అయస్కాంతాల మీద తీగను నేరుగా చుట్టే పికప్ అయితే ముందు వాటికి వార్నిష్ పూయండి, లేకపోతే షార్ట్ అవుతుంది.

చుట్టాక మల్టీమీటర్ పెట్టండి. 6 నుంచి 8 కిలో ఓముల మధ్య వస్తే సాధారణంగా సరే. ఎండాకాలం మాత్రం జాగ్రత్త. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 7 కిలో ఓములున్న కాయిల్ 45 డిగ్రీల ఎండలో ఏడున్నర చూపిస్తుంది. చుట్లు ఎక్కువయ్యాయని తీగ విప్పేయకండి.

చివరగా మైనంలో ముంచాలి. నాలుగు పాళ్లు పారఫిన్, ఒక పాలు తేనె మైనం కలిపి 65 డిగ్రీల దగ్గర కరిగించి అందులో ముంచితే, లోపలి గాలి పోయి పికప్ ఈలవేయడం తగ్గుతుంది. మైనం గిన్నెను వేడినీళ్ల గిన్నెలోనే పెట్టండి. నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది.

డబ్బు సంగతి

పికప్‌లు ఒక్కటే మన ఊళ్లో కుటుంబాన్ని పోషించవు. వాటి గిరాకీ నగరాల్లోని గిటార్ రిపేరు చేసేవాళ్ల దగ్గర వెతుక్కోవాలి. ఆ లోపు ఫ్యాన్లు, మిక్సీలు, స్టార్టర్ కాయిళ్లు దుకాణాన్ని నడుపుతాయి. పెట్టుబడికి ముద్ర పథకం శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు పూచీకత్తు లేకుండా రుణం దొరుకుతుంది. చేతి మిషన్‌కూ, పనిముట్లకూ, కొంత తీగకూ ఆ మొత్తం సరిపోతుంది. ధర చెప్పేటప్పుడు తీగ, అయస్కాంతాలతో పాటు మీ గంటలూ, మధ్యలో తెగి పారేసిన కాయిళ్లూ లెక్కలోకి రావాలి.

1950ల గిబ్సన్ కంపెనీ పికప్‌లకు ఇవాళ గొప్ప పేరుంది, కానీ వాటిలో చుట్ల సంఖ్య ఒకదానికొకటి కలవదు. వాళ్లకు అది చెల్లింది. మీ దగ్గర ఒకటి కొన్నవాడు రెండోసారి వస్తే అచ్చం అలాంటిదే కావాలంటాడు. అందుకని మొదటి కాయిల్ నుంచే ఒక నోటుపుస్తకం పెట్టండి. తీగ నంబరు, చుట్లు, ఓములు, ఆ రోజు ఎండ, ఎవరికిచ్చారు అన్నీ రాయండి. స్టార్టర్ కాయిల్‌కూ ఇదే పద్ధతి. అదే కంపెనీ స్టార్టర్ మళ్లీ కాలి వస్తే పాత తీగ విప్పి చుట్లు లెక్కపెట్టే పని ఉండదు. పుస్తకం తీసి, పది నిమిషాల్లో చుట్టి, రైతును పొద్దు గూకక ముందే పంపొచ్చు.