మెట్టసీమలలో ఇంటిస్థలపు నేలను పరీక్షించు విధము

వర్షము తక్కువగు సీమలలో గృహనిర్మాణమునకు అనుమతి నిచ్చునపుడు పటమునందలి కొలతలను సరిచూచుట కలదు గాని, ఆ స్థలమునందలి నేలను త్రవ్వించి చూచుట అరుదు. గృహస్థుడు ఒకే స్థలమునుండి మూడు పనులను కోరుచున్నాడు. నేల ఇంటిని కదలక మోయవలెను. మరుగుదొడ్డి నీటిని మెల్లగా పీల్చి వడియగట్టవలెను. పెరటి చెట్లకు తడిని నిలిపి యుంచవలెను. ఈ మూడు గుణములును ఒక్కచోట దొరకుట కష్టము.

అనంతపురము పరిసరములందు సాలీనా వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అచ్చట ఎర్రనేల అధికము. పలుచోట్ల కొలది అడుగుల లోతుననే మొరము, దాని క్రింద గట్టిరాయి తగులును. తాడిపత్రి, ఉరవకొండ, ఆదోని, కోయిలకుంట్ల ప్రాంతములందు నల్లరేగడి విస్తారముగా గలదు. కావున ఒక ఊరియందు సరిపోయిన పద్ధతి మఱియొక ఊరియందు చెడుట వింతగాదు.

నల్లరేగడియందు తడిసిన ఉబ్బి, ఎండిన కుంచించుకొను బంకమన్ను అధికముగా నుండును. పైరునకు ఇది మేలైన నేల, గోడకు శత్రువు. లోతైన రేగడియందు సుమారు మూడున్నర మీటర్లవరకు ఋతుభేదమువలని కదలిక యుండునని ఇంజనీర్లు ఎంచుదురు. అట్టి చోట్లకొఱకు, అడుగుభాగమును గంటవలె వెడల్పుచేసిన కాంక్రీటు స్తంభములను రూర్కీయందలి కేంద్ర భవన పరిశోధన సంస్థవారు వాడుకలోనికి దెచ్చిరి. అయినను పునాది ఒక్కటి సరియైన చాలదు. ఇంకుడుగుంత గోడకు చేరువ నున్నచో ఆ మూల నేల ఎల్లప్పుడు తడిసి పైకి లేచును. వేప, రావి వంటి పెద్దచెట్టు మఱియొక మూల నున్నచో, దాని వేళ్లు తేమను లాగుటచే అచ్చట నేల క్రుంగును. నడుమ గోడ పగులును. ఇట్టి పగుళ్లకు ఏటేట సున్నము పూయించుట ధనవ్యయము మాత్రమే.

సెప్టిక్ తొట్టిలో మడ్డి క్రిందికి దిగునుగాని, వెలువడు నీరు శుద్ధమైనది కాదు. అందు రోగక్రిములు మిగిలియే యుండును. వానిని అడ్డగింపవలసినది నేలయే. అందుచేత ఇంకుడు పరీక్ష ముఖ్యమైనది. ఈ పరీక్షయందే పొరపాటును అధికముగా జరుగుచున్నది. ఏప్రిల్, మే మాసములలో రేగడి బీటలు చేయి దూరునంత వెడల్పుగ నుండును. అప్పుడు కడవెడు నీరు పోసిన క్షణములో మాయమగును. చూచువారు నేల బాగుగ పీల్చుచున్నదని వ్రాసి సంతకము చేయుదురు. నీరు పోయినది బీటలోనికి, మట్టిలోనికి గాదు. అక్టోబరునాటికి వానలచే మట్టి ఉబ్బి బీటలు మూసికొనును. గుంత నిండి మురుగు వాకిటికి వచ్చును. గృహస్థుడు మేస్త్రీని నిందించును. మేస్త్రీ ఇటుకను నిందించును.

కావున గుంత త్రవ్వదలచిన చోటనే, దాని లోతువరకు, ఆరు మొదలు పండ్రెండు అంగుళముల వెడల్పుగల రంధ్రమును చేయించి, ప్రక్కల నునుపును గీరించి, అడుగున రెండంగుళముల కంకర పఱపింపవలెను. పిమ్మట నీరు నింపి రాత్రియెల్ల నిలుపవలెను; రేగడియందు ఈ నానబెట్టుటను ఎంతమాత్రము విడువరాదు. మఱునాడు కంకరపైన ఆరంగుళముల నీరుంచి, అరగంటకొకసారి ఎంత దిగెనో కొలిచి, మరల నింపుచు నాలుగు గంటలు గడపి, కడపటి అరగంట లెక్కనే గ్రహింపవలెను. అంగుళము దిగుటకు 30 నిమిషములు మించినచో ఇంకుడుగుంత పనికిరాదు. లోతులేని ఇంకుడు చాళ్లు కావలెను. 60 నిమిషములు మించినచో ఆ నేలయందు చాళ్లును తగవు. అప్పుడు పైకెత్తి కట్టిన ఇసుకదిబ్బగాని, నీటిని మొక్కల ద్వారా ఆవిరిచేయు మడిగాని, బండితో తోడించు మూసిన తొట్టిగాని ఏర్పఱుపవలెను. ఎండతీవ్రత గల సీమలకు ఆవిరిమడి అనుకూలమైనదే. వానకాలపు నీరు అందు చేరకుండ గట్టు వేయవలెను.

ఎర్రనేలయందు కీడు వేఱు విధమైనది. నీరు త్వరగా ఇంకుటచే యజమాని సంతోషించును. అయితే మట్టిపొర పలుచనైనచోట మురుగు వడియక రాతిచీలికలలో దిగి బోరుబావిని చేరును. చీలిక ఏ దిక్కునకు పోవుచున్నదో పైనుండి తెలియదు గనుక, దూరము కొలిచినంతమాత్రమున నిర్భయముగ నుండరాదు. నీటియందు నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించరాదు. కాచినను అది పోదు, పైగా నీరు ఇగిరినకొలది చిక్కబడును.

పెరటి విషయమున, ఎర్రనేలకు చెరువుమట్టి తోలించు పాత అలవాటు మంచిదే. చవుడు తేలిన చోట మట్టి పీహెచ్ 8.5కు మించినచో, పరీక్షించి జిప్సము వేయింపవలెను. సబ్బునీటిని అచ్చట పాఱించినచో సోడియము పెరిగి నేల మఱింత బిగియును. సెప్టిక్ నీటిని పచ్చిగా తిను కూరలకు పెట్టరాదు. ఆ చెరువుమట్టినే స్థలము మెరకచేయుటకు వాడుట కొన్నిచోట్ల కలదు. అట్టి స్థలములందు పోసిన మట్టిపై చేసిన పరీక్షను అంగీకరింపక, క్రిందనున్న అసలు నేలవరకు త్రవ్వించి, నానబెట్టి, మరల కొలిపింపవలెను.