వాదము, వాదులాట: విద్యార్థుల చర్చాసభలకు భాష

తెలుగున ‘వాదు’ అనగా కలహము. ‘వాదులాట’ యందు సత్యాన్వేషణ మేమియు లేదు; ఎవరి గొంతు పెద్దదో తేలుటయే దాని ఫలము. సంస్కృత శాస్త్రమున వాదమునకు గల గౌరవము ఈ మాట తెలుగునకు వచ్చునప్పటికి చాలవరకు జారిపోయినది. జల్పమునకును అదే గతి పట్టినది. శాస్త్రమున అది ఒక విధమైన చర్చ. వ్యవహారమున జల్పించుట యనగా అర్థము లేని మాటలాడుట. వితండ మొక్కటియే తన పూర్వార్థమునకు దగ్గరగా నిలిచినది. పల్లెలో చదువురాని వానికిని ‘వితండవాద’ మనిన తెలియును. మంచి చర్చకు పేరు మరచి, చెడ్డ చర్చకు మాత్రము పేరు నిలుపుకొన్న భాష తన్ను వాడువారిని గురించి కొంత చెప్పకయే చెప్పుచున్నది. కళాశాల విద్యార్థులలో నిర్భయమైన చర్చను, పౌరకార్యములందు ఆసక్తిని పెంపొందింపవలెనని కోరువారు ముందుగా విచారింపవలసినది ఆ చర్చ ఏ తీరున, ఏ భాషలో సాగుచున్నదనునదే.

గౌతముని న్యాయసూత్రములు వాద జల్ప వితండలను వేరుపరచినవి. ప్రమాణముచేతను తర్కముచేతను పక్ష ప్రతిపక్షములను పరీక్షించుట వాదము. దీనికి గెలుపుకోరిక తోడై ఛలము, జాతి, నిగ్రహస్థానములు చేరినచో జల్పము. తనకొక పక్షము లేకయే ఎదుటివాని పక్షమును కూల్చుట వితండ. జల్ప వితండలను సూత్రకారుడు పూర్తిగా త్రోసిపుచ్చలేదు. మొలకలను కాపాడు ముళ్ళకొమ్మలవలె అవి తత్త్వనిశ్చయమును రక్షించుటకు పనికివచ్చునని చెప్పెను. కంచె వేసి చేను విత్తకుండుట తగదని మాత్రము ఊహింపవచ్చును. వాద మెవరితో చేయవలెనను ప్రశ్నకును ఆ గ్రంథమున సమాధానము కలదు. శిష్యుడు, గురువు, సబ్రహ్మచారి, విశిష్టుడు, శ్రేయస్సు కోరువాడు, వీరిలో అసూయ లేనివారితో చేయవలెను. సబ్రహ్మచారి యనగా తోడి విద్యార్థి. సహాధ్యాయుల నడుమ చర్చ శాస్త్రవిహితమైనదేకాని పాశ్చాత్య విద్యతో దిగుమతి యైన క్రొత్త ఆచారము కాదు.

చరకసంహిత విమానస్థానములో ఈ విషయమే మరింత లోకానుభవముతో చెప్పబడినది. ఒకే విద్య నెరిగినవారి సంభాష రెండు తెరగులు: సంధాయ సంభాష, విగృహ్య సంభాష. మొదటిది స్నేహముతో చేయునది. అందు నిర్భయముగా అడుగవలెను, నిర్భయముగా చెప్పవలెను. ఓడుదునను భయము కూడదు, ఓడించితినను పొంగును కూడదు. రెండవది పోరాటము. దానికి దిగకముందు సభ జ్ఞానులదో మూఢులదో, అనుకూలమో ప్రతికూలమో చూచుకొనుమని చరకుడు హెచ్చరించెను. వైద్యగ్రంథమున ఇంత చర్చాశాస్త్ర మేల యని శంకింప పని లేదు. వైద్యుల చర్చలో పొరపాటు జరిగినచో చచ్చునది రోగి. పౌరుల చర్చయు అట్టిదే. దాని తప్పొప్పుల ఫలము సభలో లేనివారికి తగులును.

ఇక నేటి కళాశాలలో చర్చ యని పేర జరుగునదేమి? వక్తృత్వపు పోటీ. అనుకూలముగా మాటలాడవలెనో ప్రతికూలముగా మాటలాడవలెనో చీటి తీసి నిర్ణయింతురు. గంట మ్రోగువరకు మాటలాడినవానికి మార్కులు, ఆపై కప్పు. నిన్న ఒక పక్షము పట్టినవాడు నేడు ఎదుటి పక్షము పట్టినను అడుగువాడు లేడు. ఎదుటివాని మాట విని తన అభిప్రాయము మార్చుకొనినవానికి బహుమానమిచ్చిన పోటీ ఎక్కడను కానరాదు. అట్టివాడు ఓడినవానిక్రింద లెక్క. ఇది శుద్ధ జల్పము. నాలుకకు పదును పెట్టుటకు పనికివచ్చును, కంచెవంటిదే. కాని విద్యార్థి ఇందు నేర్చుకొనునది తాను నమ్మని దానిని నమ్మినట్లు పలుకుట. ఆ విద్యకు లోకమున కొరత లేదు.

దేశమున ఆధునిక విద్యార్థి చర్చాసభల చరిత్ర సాధారణముగా కలకత్తా హిందూ కళాశాలతో ప్రారంభింపబడును. 1826లో అచట ఉపాధ్యాయుడైన హెన్రీ డెరోజియో 1828లో అకడమిక్ అసోసియేషనును స్థాపించెను. విధి, స్వేచ్ఛ, విగ్రహారాధన, దేశభక్తి మున్నగునవన్నియు అచట చర్చకు వచ్చినవి. 1831 ఏప్రిలులో ఆయన ఉద్యోగము వదలవలసివచ్చినది. ఆ సంవత్సరాంతముననే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండు. ఆయన శిష్యులు 1838లో మరొక సమాజమును నెలకొల్పి ఆంగ్లముననే కాక బంగాళీలోను వ్యాసములు చదివిరి. 1843 ఫిబ్రవరిలో దక్షిణారంజన ముఖర్జీ కంపెనీవారి న్యాయస్థానములను, పోలీసు యంత్రాంగమును విమర్శించుచు వ్యాసము చదువుచుండగా కళాశాలాధిపతి రిచర్డుసను నడుమ లేచి, ఈ భవనమును రాజద్రోహులకు నెలవు కానీయనని అడ్డుపడెను. సభాధ్యక్షుడు తారాచంద చక్రవర్తి వెనుదీయక, ఆయన ఇచట అతిథియేకాని అధికారి కాడని భావము వచ్చునట్లు మందలించెను. విద్యార్థుల సభలో అధ్యక్షుని పని యేమో తెలియవలెనన్నచో ఈ ఒక్క ఘట్టము చాలును. వక్త చెప్పినది సరియా కాదా యనునది పిమ్మటి మాట. అతడు వ్యాసమును తుదివరకు చదువుటకు వీలు కల్పించుట మొదటి మాట.

కలకత్తా సభలకు ధైర్యము మెండు. కాని ఆ ధైర్యము నగరవీథిలోనికి ఏ మేరకు దిగినదని అడిగినచో బొంబాయివైపు చూడవలసివచ్చును. 1848లో ఎల్ఫిన్‌స్టను విద్యాసంస్థ విద్యార్థులు ఒక సాహిత్య వైజ్ఞానిక సమాజమును ఏర్పరచుకొనిరి. దానికి గుజరాతీలో ఒకటి, మరాఠీలో ఒకటి జ్ఞానప్రసారక శాఖలు వెలసినవి. ఆంగ్లమున చర్చించినదానిని ఇంటిభాషలో మరల చెప్పవలసిన నిర్బంధము ఇట్లు కలిగినది. స్త్రీవిద్యపై ఒక వ్యాసము సమాజమున చదువబడగా, మాటలతోనే సరిపెట్టుదురా యను ప్రశ్న వచ్చెను. 1849లో ఆ యువకులే బాలికలకు పాఠశాలలు తెరచి, తమ చదువులకును ఉద్యోగములకును భంగము రాకుండ తీరిక వేళలందు జీతము లేక పాఠములు చెప్పిరి. దాదాభాయి నౌరోజీ వారిలో నొకడు. పిల్లలను పంపుమని ఇల్లిల్లు తిరిగినప్పుడు కొందరు ఆదరించిరి; కొందరు కసరి పంపివేసిరి. గడపవద్ద నిలిచి ఒక తండ్రిని ఒప్పింపబూనినవానికి ఆంగ్లమున నేర్చిన వాగ్ధాటి ఏమి ఉపకరించును? అతనికి కావలసినది ఆ తండ్రి భాష, ఆ తండ్రి శంకలను వినగల ఓపిక. చర్చ పౌరకార్యముగా మారినది ఆ గడపవద్దనే.

తెలుగునేలపై ఇట్టి పనికి రాజమహేంద్రవరము ప్రసిద్ధము. తెలుగు పండితుడైన కందుకూరి వీరేశలింగము 1874లో ‘వివేకవర్ధని’ని వెలువరించి, 1879లో వితంతూద్వాహమును గూర్చి బహిరంగోపన్యాసములిచ్చెను, 1881 డిసెంబరు 11న మొదటి వివాహము జరుగునాటికి విద్యార్థులు ఆయనకు అండగా నిలిచిరి. ఇది బాగుగా తెలిసిన కథ. ఇచట గమనింపవలసినదొక్కటే: విద్యార్థులను సభకు రప్పించినవాడు తెలుగు బోధించు ఉపాధ్యాయుడు.

హైదరాబాదు సంగతి ఇంతకంటె కఠినమైనది. అచట సభలో తెలుగు వినబడుటయే ఒక వివాదమైనది. 1921 నవంబరులో వివేకవర్ధినీ థియేటరున ధోండో కేశవ కర్వే అధ్యక్షతను సంఘసంస్కరణ మహాసభ జరిగెను. ఆంగ్ల, ఉర్దూ, మరాఠీ భాషలలో ఉపన్యాసములు సాగినవి. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడ నారంభింపగానే సభలో గేలి బయలుదేరెను. సంస్కారమునకై చేరిన సభ ఒక భాష వినుటకు ఓర్చుకొనలేకపోయినది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జన సంఘమునకు పునాది వేసిరి. 1930లో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతను జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ దాని ఫలము. అప్పటికే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము పని చేయుచుండుటచేత ఆ పునాదికి రాళ్ళు సిద్ధముగ నున్నవి. చదువుకొనుటకు చోటు, మాటలాడుటకు చోటు ఒక్కటియే యైన కాలమది.

మాతృభాష యున్నచో చాలునని ఇందువలన తేల్చుట తొందరపాటు. 1938లో వందేమాతర గీతము పాడితిమను కారణమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి వెళ్ళగొట్టబడిన విద్యార్థులు ఉర్దూ మాధ్యమమున చదివినవారు. వారిలో పలువురిని నాగపురము విశ్వవిద్యాలయము చేర్చుకొనినది. ధైర్యము ఏ భాషలోనైన పుట్టును. డెరోజియో శిష్యులకు ఆంగ్లమే ఊపిరి నిచ్చినది. కాని పుట్టిన ధైర్యము ఇతరులకు అందవలెనన్నచో వారి భాష కావలెను. న్యాయశాస్త్రమున దీనికొక నియమమున్నది. ముమ్మారు చెప్పినను సభకును ప్రతివాదికిని అర్థము కాని మాట ‘అవిజ్ఞాతార్థ’ మను నిగ్రహస్థానము. అనగా సభకు తెలియనట్లు మాటలాడినవాడు ఓడినట్లే. నేడు ఎంత కఠినముగా మాటలాడిన అంత పండితుడని భావించు సభలు ఈ సూత్రమును తలక్రిందులు చేసినవి.

ఈ విచారమునకు నేడు అవసర మేమనగా, 1989 మార్చిలో అమలునకు వచ్చిన 61వ రాజ్యాంగ సవరణమువలన ఓటు వయస్సు 21నుండి 18కి తగ్గినది. 1993 ఏప్రిలులో అమలునకు వచ్చిన 73వ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చినది; గ్రామ ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడును దాని సభ్యుడే. ఈ రెంటిని కలిపి చూచినచో పల్లెనుండి వచ్చి పట్టా చదువుచున్న విద్యార్థి, తన ఊరి జాబితాలో పేరున్నంతవరకు, ఒక చట్టబద్ధ సభకు సభ్యుడైయున్నాడు. ఆ సభ అతని ఊరి రచ్చబండవద్దనో బడి ఆవరణలోనో జరుగును. అచట మంచినీటి కుళాయి, శ్మశానమునకు దారి, ఉపాధి పనుల మస్తరు, ఇళ్ళ స్థలములు ప్రస్తావనకు వచ్చును. సెలవులకు ఇంటికి వెళ్ళిన విద్యార్థి అచట వెనుక నిలిచి చూచి వచ్చుట సామాన్యము. ప్రజాస్వామ్యముపై పది పుటలు వ్రాసినవాడు కుళాయి సంగతి అడుగలేడు.

అడుగలేకపోవుటకు భయ మొక కారణమైనచో భాష మరియొకటి. పాఠమునందలి తెలుగు ఒకటి, కాగితమునందలి తెలుగు మరొకటి, నోటనున్న తెలుగు వేరొకటి. గ్రామసభలో అవ్వ ఒకతె కడుపు మండి చెప్పినది తీర్మానముల పుస్తకమునకు ఎక్కునప్పటికి ‘సభ్యులు చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది’ అను వాక్యముగ ఆరిపోవును. మాటలాడు భాషను వ్రాతకు రానీయని చదువు విద్యార్థి నోరు కట్టునని గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) జీవితమంతయు వాదించెను. ఆయన ‘తెలుగు’ పత్రిక 1919లో వెలసినది. ఆయన వాదము సాహిత్యమున గెలిచినది. కచేరీ కాగితమున ఇంకను గెలువలేదు. ఈ బులెటినువంటి పత్రికలలోని వ్యాసభాషను గ్రామసభలో వినిపించినచో వినువారు ఒక్కొక్కరుగ లేచిపోవుదురనుటయు ఒప్పుకొనవలసినదే.

తెలుగునేల వెలుపలి విశ్వవిద్యాలయములందు చిక్కు వేరుగ నుండును. ఒక తరగతిలోనే ఆరేడు భాషలవారు కూర్చుందురు. ఆంగ్లమో హిందీయో ధారాళముగ వచ్చినవాడు మాటలాడును. రానివాడు బుద్ధిమంతుడైనను మౌనముగ నుండును. కొన్నాళ్ళకు ఆ మౌనమే అతని స్వభావమని ఉపాధ్యాయులు నమ్ముదురు. ఇందుకు న్యాయశాస్త్రమే మరొక ఉపాయమును చూపుచున్నది. సభకు అర్థమైనదై, ముమ్మారు చెప్పబడిన ఎదుటివాని మాటను మరల చెప్పలేకపోవుట ‘అననుభాషణ’ మను నిగ్రహస్థానము. నిగ్రహస్థానములు జల్పమునకు చెందినవని పండితులు ఆక్షేపింపవచ్చును. ఈ నియమము మాత్రము వాదమునకే ఎక్కువ అవసరము: ఖండింపబోవువాడు ముందుగా ఎదుటి పక్షమును దాని యజమాని ఒప్పుకొనునట్లు తిరిగి చెప్పవలెను. భాషాశాఖల విద్యార్థి సభలలో దీనిని ఆచరణలో పెట్టుట కష్టము కాదు. ఒకడు తన భాషలో మాటలాడును. ఆ భాష తెలిసిన సహాధ్యాయి దానిని సభకు చెప్పును. ప్రతివాది దానిని తన మాటలలో మరల చెప్పి, మొదటివాడు ‘అదే నా మాట’ అనిన తరువాతనే బదులాడును. పక్షమునకు చీటి తీయుట యుండదు. చర్చాంతమున అభిప్రాయము మారినవాడు లేచి, ఏ మాటవలన మారినదో చెప్పును.

అధ్యక్షపీఠమున ఉపాధ్యాయుడు కూర్చున్నచో తారాచంద చక్రవర్తి చేసినది అతనికి గుర్తుండవలెను. విషయములును దూరమునుండి తేనక్కర లేదు. వసతిగృహపు భోజనశాల లెక్కలు, పారిశుద్ధ్య పనివారి జీతములు, ప్రాంగణము వెలుపలి బస్తీకి నీరు, ఇవి అధికారులకు ఇబ్బంది కలిగించు ప్రశ్నలే. ఆ ఇబ్బందిని భరింపనొల్లని సంస్థ ప్రజాస్వామ్యముపై వక్తృత్వపు పోటీలే జరుపుకొనును.

తెలుగు శాఖలకు మాత్రము ఇందు ఒక పరిశోధనయు కలదు. సెలవులకు ఇండ్లకు పోవు విద్యార్థులు తమ ఊరి గ్రామసభలో జనులు పలికినదానిని, వారి అనుమతితో, పలికినట్లే వ్రాసికొనిరావలెను. ఆ సభ తీర్మానమునకు నకలును తేవలెను. 2005 నాటి సమాచారహక్కు చట్టము ఉన్నందున నకలు అడుగుటకు జంకనక్కర లేదు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఏ మాట ఎచ్చట జారిపోయినదో, ఏ క్రియకు కర్త మాయమైనదో, ఎవరి ఆక్షేపణ ‘ఏకగ్రీవము’లో మునిగినదో గుర్తింపవలెను. మరుసటి సభకు పోయినప్పుడు అదే విద్యార్థి ఆ కాగితము చేతపట్టుకొని, తన ఊరివారి తెలుగులో, అవ్వ చెప్పినది ఇందు ఏల లేదని కార్యదర్శిని అడుగవచ్చును.