ఎనిమిది మందిలో ఒకరు: ఈ లెక్కకు అర్థమేమిటి?



మా విచారణలోని ఒక పెద్దాయనకు అమెరికా నుండి కొడుకు ఫోన్ చేశాడు. "నాన్నా, ఇక్కడ ఎనిమిది మంది మగవారిలో ఒకరికి ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుందట. నువ్వూ ఒకసారి చూపించుకో" అన్నాడు. ఆయన డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. నా దగ్గరకు వచ్చి, "ఫాదర్ గారూ, నాకూ వచ్చి ఉంటుందంటారా?" అని అడిగాడు. రెండేళ్ళుగా రాత్రిళ్ళు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాడట. సిగ్గుపడి భార్యకు కూడా చెప్పలేదు. అందుకే ఈ వారం ఈ పాఠం.

ప్రోస్టేట్ అనేది పురుషులలో మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. చర్మ క్యాన్సర్లను మినహాయిస్తే, అమెరికా పురుషులలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ గ్రంథికి వచ్చే క్యాన్సరే. 2025లో కొత్తగా సుమారు 3 లక్షల 13 వేల మందిలో ఇది బయటపడుతుందని అక్కడి క్యాన్సర్ సొసైటీ అంచనా వేసింది.

అయితే "ఎనిమిదిలో ఒకరు" అంటే, ఈ రోజు ఎనిమిది మందిని నిలబెడితే వారిలో ఒకరికి జబ్బు ఉందని కాదు. జీవితకాలం మొత్తంలో ఎప్పుడో ఒకప్పుడు బయటపడే అవకాశమని అర్థం. సగటున బయటపడేది 67 ఏళ్ళ ప్రాంతంలో. దీనివల్ల మరణించేది 44 మందిలో ఒకరు. అంటే వ్యాధి వచ్చినవారిలో ఎక్కువమంది దానివల్ల చనిపోవడం లేదు. అక్కడ కూడా అందరిదీ ఒకే లెక్క కాదు. నల్లజాతి పురుషులలో ఆరుగురిలో ఒకరికి వస్తుంది. వారిలో మరణాల రేటు తెల్లవారికంటే సుమారు రెండింతలు.

సెమినరీలో మాకు తత్వశాస్త్రం బోధించేటప్పుడు ఒక తేడా నేర్పారు: ఒక వస్తువు ఉండటం వేరు, అది ఉందని మనకు తెలియడం వేరు. ఇక్కడ అది బాగా పనికివస్తుంది. పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష వ్యాపించిన తర్వాత అమెరికాలో కేసుల సంఖ్య ఒక్కసారిగా పెరిగి, 1992లో శిఖరానికి చేరింది. జబ్బు అంతగా పెరగలేదు, వెదకడం పెరిగింది. హాని చేయని చిన్న గడ్డలకు కూడా చికిత్స జరుగుతోందని 2012లో అక్కడి నిపుణుల సంఘం ఈ పరీక్ష వద్దంది. 2018లో మార్చుకుని, 55 నుండి 69 ఏళ్ళవారు డాక్టరుతో చర్చించి నిర్ణయించుకోవాలని చెప్పింది.

మరి మన దేశంలో? 2022లో కొత్త కేసులు సుమారు 38 వేలని అంచనా. అమెరికాకంటే నాలుగింతల జనాభాలో ఇంత తక్కువ! నిజంగా వ్యాధి తక్కువగా ఉండటం కొంత కారణం. మన జనాభాలో వృద్ధుల పాలు తక్కువ కావడం మరొకటి. కాని పరీక్ష చేయించుకునేవారే తక్కువ అన్నది మరువరాదు. మన దగ్గర చాలామందిలో వ్యాధి ఎముకలకు పాకాక, నడుము నొప్పి తెచ్చాక బయటపడుతున్నది.

రాత్రిళ్ళు లేవడం, ధార సన్నబడటం ఎక్కువగా వయసుతో వచ్చే గ్రంథి వాపువల్లనే. క్యాన్సర్ మాత్రం మొదట్లో ఏ లక్షణమూ చూపకపోవచ్చు. కనుక 50 దాటినవారు, తండ్రికో అన్నదమ్ములకో ఈ వ్యాధి వచ్చి ఉంటే 45 నుండే, డాక్టరుతో మాట్లాడండి. మూత్రంలో రక్తం కనబడితే ఆలస్యం చేయవద్దు.

ఆ పెద్దాయన ఆ రాత్రే భార్యకు చెప్పాడు. మరునాడు ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు.

కుటుంబంలో చర్చించుకోవడానికి:
1. మన ఇంటి పెద్దలు సిగ్గుతో దాచుకునే బాధలేమైనా ఉన్నాయా?
2. వారు చెప్పుకోగలిగేలా మనం అడుగుతున్నామా?